ఫిల్టర్ పేపర్ ఏది వాడాలి? బేరియం సల్ఫేట్ కిందికి జారిపోతోంది

నెల్లూరు_కుర్రోడు | నవంబర్ 11, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. చెన్నైలో, అంబత్తూరులో ఒక నీటి పరీక్షల ల్యాబ్‌లో చేరి నాలుగు నెలలైంది. ఇక్కడ తెలుగువాణ్ని నేనొక్కణ్నే. ఏదైనా అడిగితే తమిళంలో చెప్తారు. సగం అర్థమవుతుంది, మిగతా సగానికి తలూపేస్తాను. అందుకే ఇక్కడికొచ్చాను.

బోరు నీళ్లలో సల్ఫేట్ గ్రావిమెట్రీతో చేస్తున్నాం, అంటే బేరియం క్లోరైడ్ పోసి సల్ఫేట్‌ని బేరియం సల్ఫేట్ పొడిగా దింపి, వడకట్టి, కాల్చి తూచడం. చెయ్యి సాధన కోసం ముందు స్టాండర్డ్ చేయమన్నారు. సోడియం సల్ఫేట్ 0.1479 గ్రాములు లీటరు నీళ్లలో కలిపాను, అంటే లీటరుకు 100 మి.గ్రా. సల్ఫేట్. అందులోంచి 250 మి.లీ. తీసుకుంటే బేరియం సల్ఫేట్ 60.7 మి.గ్రా. రావాలి కదా. నాకు మొదటిసారి 51 వచ్చింది, రెండోసారి 49. వడకట్టిన నీళ్లు చూస్తే బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా ఉన్నాయి.

పేపర్ డబ్బా మీద చిరిగిన లేబుల్. 125 మి.మీ., 100 అని మాత్రం కనిపిస్తోంది. గ్రేడ్ 100 అయ్యుంటుందనుకుని వాడాను. ఇంతకంటే మంచి గ్రేడ్ ఏదైనా ఉందా?

వేణు_తాంబరం | నవంబర్ 11, రాత్రి 9:34

తమ్ముడూ, నవ్వుతున్నానని ఏమీ అనుకోకు. 100 అంటే డబ్బాలో ఉన్న కాగితాల సంఖ్య. 125 మి.మీ. అంటే వ్యాసం. గ్రేడ్ నంబరు చిరిగిపోయిన ముక్కలో ఉండుంటుంది. మా కాలేజీ ల్యాబ్‌లో కూడా ఒక లెక్చరర్ గారు ఇదే పొరపాటుతో ఇండెంట్ రాశారు, కాబట్టి నువ్వు ఒంటరివాడివి కాదు.

తక్కువ ధరకు ఎక్కువగా కొనేది గ్రేడ్ 1. నీ డబ్బా కూడా అదే అయ్యుంటుంది.

బీకరు_బాబాయ్ | నవంబర్ 11, రాత్రి 10:15

బాబూ, సిమెంటు ల్యాబ్‌లో 31 ఏళ్లు చేసి ఇప్పుడు నంగనల్లూరులో మనవడితో ఆడుకుంటున్నవాణ్ని. ఫిల్టర్ పేపర్ మాటెత్తితే మాత్రం ఇంకా చేతులు దురద పెడతాయి.

నువ్వడిగిన "మంచి గ్రేడ్" అనే మాటే తప్పు. ఫిల్టర్ పేపర్లు చేసే వాట్‌మన్ కంపెనీ వాళ్ల నంబర్లు మార్కుల్లాంటివి కావు, ఇంటి నంబర్లలాంటివి. 41, 42 పక్కపక్కనే ఉంటాయి. కానీ 41 దాదాపు 20 మైక్రాన్ల పైబడిన రేణువుల్ని ఆపుతుంది, 42 అయితే 2.5 మైక్రాన్ల వాటిని కూడా పట్టేస్తుంది. ఒకటి పరుగెత్తే పేపర్, ఇంకొకటి నత్త. గ్రేడ్ 1 ఆపేది 11 మైక్రాన్లు. బేరియం క్లోరైడ్ గబగబా పోసి తీసిన బేరియం సల్ఫేట్ అవక్షేపం అంతకంటే చాలా సన్నం. చేపల వలతో దోమల్ని పట్టినట్టుంది నీ పని.

పేపర్ ఎంచుకునే ముందు నేను పిల్లల్ని ఒకటే అడిగేవాణ్ని: వడకట్టాక నీకు కావలసింది పైన మిగిలేదా, కిందికి దిగేదా? కిందికి దిగేదే కావాలంటే, పైన చెత్తే మిగులుతుందంటే, గ్రేడ్ 1 చాలు, తొందరగా ఉంటే 4. పైన మిగిలేదే కావాలి, దాన్ని కాగితంతో సహా కాల్చి తూచాలి అంటే యాష్‌లెస్ (కాలిస్తే బూడిద దాదాపు మిగలని కాగితం) తప్పదు. నీది రెండోది.

బీకరు_బాబాయ్ | నవంబర్ 11, రాత్రి 10:31

ఒకటి మర్చిపోయాను. యాష్‌లెస్ అన్నారు కదా అని బూడిదే ఉండదని కాదు. గ్రేడ్ 1లో బూడిద 0.06 శాతం, 40 నుంచి 44 దాకా ఉన్న వాటిలో 0.007 శాతం. 125 మి.మీ. కాగితం ఒక గ్రాము పైచిలుకు ఉంటుంది. అంటే గ్రేడ్ 1 కాలిస్తే అర మిల్లీగ్రాముకు పైనే బూడిద మిగులుతుంది. నీకు రావలసిందే 60 మి.గ్రా., దాంట్లో ఇంచుమించు ఒక శాతం కాగితం బూడిదే! 42 అయితే 0.1 మి.గ్రా. లోపు. అది బ్యాలెన్స్ ఆఖరి అంకెలో కలిసిపోతుంది.

సుజాత_క్యూసీ | నవంబర్ 12, ఉదయం 7:50

బాబాయ్ గారు చెప్పిందానికి ఒక చిన్న కిటుకు. చివరి అంకె చూడండి. 40, 540 రెండూ 8 మైక్రాన్లు. 41, 541 వేగంగా దిగేవి, 20 పైన. 42, 542 సన్నవి, 2.5 ఒకటి, 2.7 ఇంకొకటి. 50ల సిరీస్‌లో మాత్రం ఈ కిటుకు పనిచేయదు, 50 అంటే 2.7, 52 అంటే 7, 54 అంటే 22. ఆ 50లు, 540లు గట్టిపరచిన కాగితాలు, తడిసినా సులభంగా చిరగవు, వాక్యూమ్ తట్టుకుంటాయి. యాసిడ్లు ఎక్కువగా వాడే చోట కూడా అవే నయం. ఇది తెలిశాక కేటలాగ్ చూసి భయపడటం మానేశాను.

నేను ఫార్మాలో ఉన్నాను, మాకు కాగితాలతో పని తక్కువ, అంతా మెంబ్రేన్లే (పల్చటి పొరలాంటి ఫిల్టర్లు). దాని గురించి సాయంత్రం రాస్తాను, ఇప్పుడు కంపెనీ బస్సు వచ్చేసింది.

పద్మనాభం_ల్యాబ్‌గూడ్స్ | నవంబర్ 12, ఉదయం 11:05

నమస్తే. చెన్నై ప్యారిస్ కార్నర్ దగ్గర ల్యాబ్ సామాన్ల కొట్టు మాది. మా కొట్టుకు వచ్చేవాళ్లలో పదిమందిలో ఎనిమిది మంది "ఫిల్టర్ పేపర్ ఒక డబ్బా" అనే అడుగుతారు. ఏ గ్రేడ్ అంటే "మామూలుదే" అంటారు. మామూలుది అంటే మేం గ్రేడ్ 1 ఇస్తాం. ఇంకేం ఇస్తాం?

మన దేశంలో తయారయ్యే పేపర్లలో కూడా మంచివి ఉన్నాయి. ప్రాక్టికల్స్‌కి, కిందికి దిగే ద్రవమే కావలసిన చోట, వాట్‌మన్‌కి ఇచ్చే డబ్బు దండగ. ఇది నా వ్యాపారానికి నష్టమైనా చెప్తున్నాను.

కూవం_కెమిస్ట్ | నవంబర్ 12, మధ్యాహ్నం 1:40

పద్మనాభం గారూ, మీ మాట నిజమే కానీ మీ అందరి కొట్లూ మీలాగే ఉండవు. పోయినేడాది ఒక కొట్టులో (పేరొద్దు) యాష్‌లెస్ అని చెప్పి ఒక డబ్బా అంటగట్టారు. బ్లాంకులు (శాంపిల్ లేకుండా చేసే పరీక్షలు) ప్రతిసారీ ఎక్కువ వస్తున్నాయి. చివరికి ఒక పోర్సెలిన్ క్రూసిబుల్‌లో (కాల్చడానికి వాడే చిన్న గిన్నె) ఐదు కాగితాలు కుక్కి కాల్చి తూచాను. నిజంగా 42 అయితే ఐదు కలిపినా అర మిల్లీగ్రాము దాటకూడదు. నాకు మూడు దాటింది. డబ్బా తిరిగి తీసుకోనన్నారు, ఇప్పుడు దాంతో బెంచీలు తుడుస్తున్నాం.

కొత్త డబ్బా రాగానే ఈ ఐదు కాగితాల పరీక్ష చేయండి.

పద్మనాభం_ల్యాబ్‌గూడ్స్ | నవంబర్ 12, మధ్యాహ్నం 2:10

అది మా కొట్టు కాదు కదా? 🙂

కూవం_కెమిస్ట్ | నవంబర్ 12, మధ్యాహ్నం 2:12

కాదండీ, మీదైతే ఫోన్ చేసి తిట్టేవాణ్ని.

నెల్లూరు_కుర్రోడు | నవంబర్ 13, సాయంత్రం 6:45

మా మేడంని అడిగి 42 డబ్బా తీయించాను. లోపలి అల్మారాలో ఉందట, ఎవరూ వాడట్లేదు. ఈరోజు దాంతో చేశాను. నీళ్లు తేటగా వచ్చాయి, కానీ రెండున్నర గంటలు పట్టింది. మధ్యలో ఓపిక నశించి ఫన్నెల్‌ని వాక్యూమ్ ఫ్లాస్కు మీద పెట్టాను. కాగితం ముక్కు దగ్గర టప్‌మని చిరిగింది. మళ్లీ మొదటికి. రెండోసారి ఊరికే కూర్చుని చూశాను.

ఫలితం 57.8. 60.7 రావాలి. ఇంకా ఎక్కడ పోతోంది?

బీకరు_బాబాయ్ | నవంబర్ 13, రాత్రి 8:20

అలా దారికొచ్చావు. ఇప్పుడు మూడు ప్రశ్నలు. బేరియం క్లోరైడ్ ఎలా పోశావు? పోశాక ఎంతసేపు ఉంచావు? కాగితం ఎలా కాల్చావు?

నెల్లూరు_కుర్రోడు | నవంబర్ 13, రాత్రి 8:31

చల్లటి బేరియం క్లోరైడ్ ఒకేసారి పోశాను. పది నిమిషాలు ఉంచాను. కాగితం బర్నర్ మీద పెడితే మంట అంటుకుంది, బాగానే కాలింది. తర్వాత మఫిల్ కొలిమిలో 800 డిగ్రీల దగ్గర గంట. చివరికి కొంచెం బూడిద రంగులో ఉంది, తెల్లగా లేదు.

బీకరు_బాబాయ్ | నవంబర్ 13, రాత్రి 9:10

మూడు ప్రశ్నలకీ మూడు తప్పులు. పర్వాలేదు, నేను నా మొదటి ఏడాదిలో ఇవి ముప్పై సార్లు చేశాను.

పేపర్‌ని తిట్టే ముందు రేణువుని పెంచాలి. ద్రావణంలో కొంచెం హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉండాలి, మరుగుతుండాలి. బేరియం క్లోరైడ్ కూడా వేడిగా, కలుపుతూ, నెమ్మదిగా పోయాలి. తర్వాత 80, 90 డిగ్రీల మధ్య కనీసం రెండు గంటలు ఉంచు, వీలైతే రాత్రంతా. సన్న రేణువులు కరిగి పెద్దవాటి మీద చేరతాయి. అప్పుడు 42 మీద దిగే వేగం కూడా పెరుగుతుంది, ఎందుకంటే సన్న పొడి కాగితం రంధ్రాల్లో ఇరుక్కుని దారి మూసేయదు. నీ రెండున్నర గంటల్లో సగం నువ్వు తెచ్చిపెట్టుకున్నదే.

ఇక మడత. సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిచేటప్పుడు అంచులు సరిగ్గా కలవకుండా కొంచెం పక్కకి జరుపు. మూడు పొరలున్న వైపు బయటి మూల చిన్నది చింపు. అలా చేస్తే కాగితం గాజుకి గాలి సందు లేకుండా అంటుకుంటుంది. తడిపి వేలితో అద్దితే ఫన్నెల్ కాడ నిండా నీటి తీగ నిలబడాలి, మధ్యలో బుడగ ఉండకూడదు. ఆ నీటి తీగ బరువే నీ వాక్యూమ్. అది నిలబడితే పంపు అక్కర్లేదు.

చింపిన మూల పారేయకు! దాంతో బీకరు గోడలకి, గాజుకడ్డీకి అంటుకున్న తెల్లపొడి తుడిచి, కాగితంతో పాటే క్రూసిబుల్‌లో వేయాలి. అదీ యాష్‌లెస్సే కదా. మా పాత సార్ ఒకాయన ఆ మూల ఎక్కడుందని అడిగేవారు. చూపించలేకపోతే ఆ రోజు ప్రయోగం లెక్కలోకి రానట్టే.

కాల్చడం గురించి వేరే రాస్తాను, మనవడు ఫోన్ లాక్కుంటున్నాడు.

లతిక_నేలపరిశోధన | నవంబర్ 13, రాత్రి 9:40

మధ్యలో దూరుతున్నాను. మట్టిలో అమ్మోనియం నైట్రోజన్ చేస్తున్నాను, పొటాషియం క్లోరైడ్‌తో తీసి వడకడతాను. బ్లాంకులోనే అమ్మోనియం వస్తోంది. ఇది కూడా పేపర్ వల్లేనా?

కూవం_కెమిస్ట్ | నవంబర్ 13, రాత్రి 10:05

అయ్యుండొచ్చు లతిక గారూ. కాగితం ల్యాబ్ గాలిలోని అమ్మోనియాని పీల్చుకుంటుంది. మీ డబ్బా అమ్మోనియా సీసాల పక్కన ఉందేమో చూడండి. వాడే ముందు అదే పొటాషియం క్లోరైడ్ ద్రావణంతో కాగితాన్ని రెండు మూడు సార్లు కడిగి, మొదటి భాగం పారబోసి, తర్వాతది తీసుకోండి. బ్లాంకుని కూడా అదే డబ్బా కాగితంతో, అదే పద్ధతిలో వడకట్టండి. వడకట్టని బ్లాంకు పెడితే తేడా తెలియదు.

లతిక_నేలపరిశోధన | నవంబర్ 13, రాత్రి 10:09

సార్, అమ్మోనియా సీసా సరిగ్గా పక్క అరలోనే ఉంది. 🤦

బీకరు_బాబాయ్ | నవంబర్ 14, ఉదయం 6:30

కుర్రోడా, కాల్చడం. కాగితానికి మంట అంటుకోకూడదు. మంట లేస్తే ఆ గాలికి సన్న పొడి ఎగిరిపోతుంది, అది ఇక తిరిగి రాదు. మూత కొంచెం తెరిచి, సన్న సెగ మీద మెల్లగా నల్లబడనివ్వాలి, పొగ మాత్రమే రావాలి. ఎప్పుడైనా అంటుకుంటే ఊదకు, మూత పెట్టి ఆర్పు. మసి అంతా పోయేదాకా గాలి తగలనివ్వు, ఆ తర్వాతే మఫిల్.

ఆ బూడిద రంగు ఎందుకంటే, గాలి చాలని చోట వేడెక్కిన కార్బన్ బేరియం సల్ఫేట్‌లోని ఆక్సిజన్ లాక్కుని దాన్ని బేరియం సల్ఫైడ్‌గా మార్చేస్తుంది. బరువు తగ్గుతుంది. చల్లారిన క్రూసిబుల్‌లో ఒకటి రెండు చుక్కలు పలుచని సల్ఫ్యూరిక్ యాసిడ్ వేసి, ఫ్యూమ్ హుడ్‌లో పొగలు పోయేదాకా మెల్లగా వేడి చేసి, మళ్లీ మఫిల్‌లో పెట్టి చూడు. సల్ఫైడ్ అయినంత వరకు తిరిగి వస్తుంది.

సుజాత_క్యూసీ | నవంబర్ 14, రాత్రి 9:15

మెంబ్రేన్ల గురించి రాస్తానని రెండు రోజులైంది, క్షమించండి, ఆడిట్ టెన్షన్.

మా దగ్గర గ్రేడ్ కంటే పదార్థం ముఖ్యం. హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలోని పదార్థాల్ని విడదీసి కొలిచే యంత్రం) శాంపిల్స్‌కి 0.45 మైక్రాన్లా 0.22నా అనేది అందరూ అడుగుతారు, మెంబ్రేన్ దేంతో చేసిందో ఎవరూ అడగరు. సెల్యులోజ్ నైట్రేట్ మీద అసిటోన్ పోస్తే మెంబ్రేనే కరిగిపోతుంది. నైలాన్ నీళ్లకీ చాలా సాల్వెంట్లకీ బాగుంటుంది కానీ బలమైన యాసిడ్‌కి ఆగదు, ప్రొటీన్లని పట్టుకుని వదలదు. పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) దాదాపు దేనికైనా తట్టుకుంటుంది, కాకపోతే మామూలు పీటీఎఫ్ఈ నీళ్లంటే ముఖం తిప్పుకుంటుంది. ముందు మిథనాల్‌తో తడపకుండా నీటి శాంపిల్ తోస్తే సిరంజి వేళ్ల మీద విరగాల్సిందే. కొత్తగా చేరిన అమ్మాయి బలమంతా పెట్టి తోసింది, ఫిల్టర్ ఊడి శాంపిల్ కళ్లద్దాల మీద చిమ్మింది. కళ్లద్దాలు ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

ఇంకోటి. మెంబ్రేన్ మందుని కూడా పీల్చుకోవచ్చు. అందుకే మొదటి కొన్ని మి.లీ. పారబోస్తాం. ఒకే శాంపిల్‌ని సగం ఫిల్టర్ చేసి, సగం సెంట్రిఫ్యూజ్ చేసి పోల్చి చూస్తే ఎంత పోతోందో తెలిసిపోతుంది.

కూవం_కెమిస్ట్ | నవంబర్ 14, రాత్రి 10:20

నీటి ల్యాబ్ కాబట్టి కుర్రోడికి టీఎస్ఎస్ (నీళ్లలో కరగకుండా తేలే ఘనపదార్థాలు తూచడం) కూడా వస్తుంది, ముందే చెప్తున్నా. దానికి కాగితం ఎత్తొద్దు. సెల్యులోజ్ తేమ పీలుస్తుంది. ఈ నవంబర్ వానల్లో చెన్నైలో డెసికేటర్ (లోపల తేమ లేకుండా ఉంచే మూత పాత్ర) నుంచి తీసిన కాగితాన్ని బ్యాలెన్స్ మీద పెట్టి చూడు, ఆఖరి అంకెలు ఆటో మీటర్‌లా పెరుగుతూనే ఉంటాయి. ఏ అంకె రాసుకుంటావు?

గ్లాస్ ఫైబర్ ఫిల్టర్ వాడాలి. జీఎఫ్/సీ అంటే 1.2 మైక్రాన్లు, 934-ఏహెచ్ అంటే 1.5. గరుకు వైపు పైకి ఉండాలి. వాడే ముందు 20 మి.లీ. చొప్పున మూడుసార్లు డిస్టిల్డ్ వాటర్‌తో వాక్యూమ్ మీద కడిగి, 103 నుంచి 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, డెసికేటర్‌లో చల్లార్చి తూచాలి. కడగకపోతే ఊడిపోయే పీచులు శాంపిల్‌తో పాటు పోతాయి, కూవం నది మురికి నీళ్లలో కాదు గానీ తేట నీళ్లలో టీఎస్ఎస్ మైనస్‌లో వస్తుంది. మైనస్ టీఎస్ఎస్ రిపోర్టు మీద సంతకం పెట్టమని నా దగ్గరికి తెచ్చినవాళ్లున్నారు. బురద నీళ్లయితే శాంపిల్ తగ్గించు, ఫిల్టర్ మీద మిగిలేది 200 మి.గ్రా. దాటితే పైన పెచ్చు కట్టి లోపల నీళ్లు ఉండిపోతాయి.

కరిగిన లోహాలు చేయాలంటే 0.45 మైక్రాన్ మెంబ్రేన్. ముందు వడకట్టు, తర్వాతే నైట్రిక్ యాసిడ్ కలుపు. తలకిందులు చేస్తే బురదలో ఉన్న లోహం కూడా కరిగి లెక్కలోకి వస్తుంది.

వేణు_తాంబరం | నవంబర్ 15, ఉదయం 10:30

మా పిల్లలకి ఇనుము హైడ్రాక్సైడ్ ప్రాక్టికల్ ఉంది. 42 మంచిదని ఇక్కడ చదివి ఒకడు దాన్ని 42 మీద పోశాడు. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చాం, సాయంత్రం టీ తాగి వచ్చాం, ఇంకా దిగుతోంది.

బీకరు_బాబాయ్ | నవంబర్ 15, ఉదయం 11:00

ఇంకేం దిగుతుంది! అది జావ. 41 మీద పోయాలి. ముద్దలు పెద్దవి, జారిపోవు. చల్లారనివ్వకుండా వేడిగా ఉండగానే వడకట్టి, వేడి అమ్మోనియం నైట్రేట్ నీళ్లతో కడగమను. ఉత్త నీళ్లతో కడిగితే ముద్ద విడిపోయి కాగితంలోంచి దిగిపోతుంది.

నెల్లూరు_కుర్రోడు | నవంబర్ 17, రాత్రి 8:05

ముందు పాత క్రూసిబుల్ సంగతి. సల్ఫ్యూరిక్ చుక్క వేసి మళ్లీ కాల్చాను. తెల్లబడింది! 57.8 కాస్తా 59.6 అయింది. మిగతాది ఆ రోజు మంటతో పాటు ఎగిరిపోయినట్టుంది.

తర్వాత కొత్తగా చేశాను. మరిగే ద్రావణంలో వేడి బేరియం క్లోరైడ్ కలుపుతూ పోశాను. వాటర్ బాత్ మీద మూడు గంటలు ఉంచాను. అడుగున పొడి గట్టిగా కూర్చుంది, పైన నీళ్లు తేటగా నిలిచాయి. ముందు తేట నీళ్లే కాగితం మీద వంచి, పొడి ఆఖర్న దింపాను. ఇది మా అమ్మ గంజి వార్చేటప్పుడు చూసిందే. నీటి తీగ మొదటి రెండుసార్లు నిలవలేదు, మూడోసారి కాగితం మార్చి మడత సరిచేస్తే కాడ నిండా నిలబడింది. మొత్తం 40 నిమిషాల్లో అయిపోయింది. కడిగిన నీళ్లలో సిల్వర్ నైట్రేట్ వేసి తెలుపు రాకుండా పోయేదాకా కడిగాను, తొమ్మిది సార్లు పట్టింది. చింపిన మూలతో బీకరు తుడిచాను బాబాయ్ గారూ, అదీ క్రూసిబుల్‌లోనే ఉంది.

60.4. ఇంకోటి 60.2.

మేడం చూసి "పర్వాయిల్లై" అన్నారు. అది మెచ్చుకోలని పక్క సీటతను చెప్పాడు.

సుజాత_క్యూసీ | నవంబర్ 17, రాత్రి 8:20

చెన్నైలో అంతకంటే పెద్ద మెచ్చుకోలు లేదు తమ్ముడూ.

నెల్లూరు_కుర్రోడు | నవంబర్ 17, రాత్రి 8:44

ఇంకొక్కటి. వచ్చే వారం ఒక ప్లేటింగ్ యూనిట్ నుంచి నికెల్ శాంపిల్ వస్తోంది, డైమిథైల్ గ్లైఆక్సిమ్‌తో చేయాలట. అది ఎర్రగా, తేలిగ్గా, దూదిలా వస్తుందని పుస్తకంలో ఉంది. 41 వాడనా, 40 వాడనా?

బీకరు_బాబాయ్ | నవంబర్ 17, రాత్రి 9:02

దేన్నీ వాడకు. దాన్ని కాల్చం, 110, 120 డిగ్రీల మధ్య ఆరబెట్టి అలాగే తూస్తాం. కాగితంతో కలిపి ఆరబెడితే కాగితం తేమ నిన్ను ఏడిపిస్తుంది. జీ4 సింటర్డ్ గ్లాస్ క్రూసిబుల్ కావాలి. వాక్యూమ్ కూడా దాని మీద హాయిగా పెట్టుకో, చిరగదు. మీ ల్యాబ్‌లో ఉంటుంది చూడు.

నెల్లూరు_కుర్రోడు | నవంబర్ 17, రాత్రి 9:10

అడుగున తెల్లటి గాజు బిళ్ల ఉండే చిన్న గిన్నెలేనా? రెండున్నాయి. ఒకదాంట్లో రిసెప్షన్ అక్క గుండుసూదులు వేసుకుంది.

బీకరు_బాబాయ్ | నవంబర్ 17, రాత్రి 9:13

అవే. సూదులు తీసి, వేడి హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోసి వాక్యూమ్ మీద లాగు, తర్వాత నీళ్లతో బాగా లాగు. అక్కకి వేరే డబ్బా కొనిపెట్టు.